రెంటచింతలలో మేత ముట్టని కరెంటు కారు

మా నాన్న సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు పట్టి చూసేవాడు, ఒంటి మీద సుడులు చూసేవాడు, నడిపించి చూసేవాడు. అన్నీ సరిపోయినా డబ్బు మొత్తం ఇచ్చేవాడు కాదు. బయానా ఇచ్చి, రెండు రోజులు ఇంటికి తోలుకొచ్చి కాడి కట్టేవాడు. అన్నిటికంటే ముఖ్యంగా, దాన్ని ఎవరో పరాయివాళ్ల గొడ్లచావిట్లో కట్టేయించి మేత వేయించేవాడు. కొత్తచోట మేత ముట్టని ఎద్దు ఎంత బలంగా ఉన్నా తిప్పి పంపేవాడు. ఊరు దాటి పోయినప్పుడు అది దారిలో ఆకలితో కూలబడితే బండితోపాటు మనిషి కూడా కూలబడాలి. నేను చదివింది నాలుగో తరగతి దాకానే గాని, ఈ పాఠం మాత్రం ఆయన దగ్గర పూర్తిగా చదువుకున్నాను.

మొన్న ఎండలు ముదిరే ముందు మా కోడలు విజయ ఒక చిన్న కరెంటు కారు కొందామన్నప్పుడు నేను పెట్టిన షరతు అదే. రెండు రోజులు తిప్పి, పరాయిచోట మేత వేసి చూస్తేగాని రూపాయి కదలదన్నాను. అలా నరసరావుపేట నుంచి మాచర్ల దాకా పోయి వచ్చాం. ఆ కారు సంగతి ఏమిటని అడిగేవాళ్లు ఇప్పుడు మా వీధిలో ఎక్కువయ్యారు. గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

నరసరావుపేట

విజయ పెళ్లి జాకెట్లకు మగ్గం పని చేస్తుంది. బట్టను చట్రానికి బిగించి, జరీ, పూసలు సూదితో కుట్టే పని అది. పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల వైపు నుంచి కూడా ఆర్డర్లు వస్తాయి. మా వాడు లారీ మీద ఉంటాడు, వారానికి ఒక రోజు ఇంట్లో కనబడతాడు. కాబట్టి కొలతలకూ, జాకెట్లు ఇచ్చి రావడానికీ తిరగాల్సింది విజయే. నిరుడు పిడుగురాళ్ల దగ్గర లారీకి దారి ఇవ్వబోయి స్కూటీ మీద నుంచి పడింది. పడుతూ పడుతూ జాకెట్ ఉన్న డబ్బాను పైకెత్తి పట్టుకుంది. డబ్బాకు గీత పడలేదు. ఎడమ మోచేయి మాత్రం ఇప్పటికీ పూర్తిగా చాపలేదు.

అప్పటి నుంచి బస్సులే. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైపోయింది, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. ఊరికే వచ్చే బస్సు ఉండగా లక్షలు పెట్టి కారు ఏమిటని నేను. ఉచితమయ్యాక బస్సులో కాలు పెట్టే చోటు లేదని తను. నిజమే, కిందటి నెల ఎవరిదో బుట్టలోంచి పచ్చడి నూనె కారి పట్టుజాకెట్ మీద పడింది. దాని ఖరీదు విజయే భరించింది.

“దూరం ఆర్డర్లు మానుకుంటా అత్తయ్యా. ఇక్కడే ఉండి చీరలకు ఫాల్సు కుట్టుకుంటా” అంది ఆ రోజు. కోపంగా అని ఉంటే పట్టించుకునేదాన్ని కాదు. మామూలుగా అంది. పన్నెండేళ్లు నేర్చిన చేతిపనిని ఫాల్సుకు దించుకుంటానన్న మాట అది.

కారుకు డబ్బు రావాల్సింది నా మిరపకాయల్లోంచి. కోల్డ్ స్టోరేజీలో నా పేరు మీద అరవై టిక్కీలు ఉన్నాయి. టిక్కీ అంటే మా వైపు మిరపకాయల బస్తా. మంచి ధర కోసం ఆపి ఉంచాను. రేపు నేను మంచాన పడితే కొడుకును చేయి చాపి అడగకుండా ఉండటానికి ఉంచుకున్న సొత్తు అది. అందుకే నా అనుమానం చిన్నది కాదు.

ముందు షోరూముకు వెళ్లాం. కొత్తది ఏడు లక్షల పైమాటే అన్నారు. అంత లేకపోతే ఐదు లక్షలకు ఇస్తారట, బ్యాటరీ మాత్రం వాళ్లది, తిరిగిన ప్రతి కిలోమీటరుకూ అద్దె కట్టాలట. “ఎద్దును అమ్మి కాళ్లకు అద్దె అడిగినట్టుందే” అని లేచి వచ్చేశాను. ఆ తర్వాత విజయ మా ఊళ్లోనే బ్యాంకులో పనిచేసే ఒకాయన కారు చూసింది. రెండేళ్లు వాడాడు, నాలుగుంబావు లక్షలు చెబుతున్నాడు.

“ఎందుకమ్ముతున్నావు నాయనా?” అని అడిగాను.

“బదిలీ అయింది పెద్దమ్మగారూ.”

“బదిలీ అయితే కారు నడవదా?”

“అక్కడ అపార్ట్‌మెంటులో చార్జింగు పెట్టుకోనివ్వరట.”

పరాయిచోట దీనికి మేత దొరకదని అమ్మేవాడే చెబుతున్నాడు. పదివేలు బయానా ఇచ్చి, రెండు రోజులకు కారు తీసుకున్నాం.

రెండే తలుపులు. ముందు ముక్కు లేదు, వెనక తోక లేదు. వెనక సీట్లోకి పోవాలంటే ముందు సీటు మడిచి దూరాలి. విజయ తోలుతుంటే నేను పక్కన కూర్చున్నాను. వెనక సీట్లో మూడు జాకెట్ల డబ్బాలు, మా పెరుగన్నం క్యారేజీ. వాటి పక్కన నేను తడిపి పిండిన నల్లగుడ్డ ఒకటి పరిచాను. ఎందుకని విజయ అడిగితే పిడుగురాళ్లలో తెలుస్తుందన్నాను.

పిడుగురాళ్ల

దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అద్దాలు మూసి ఉన్నా ఘాటు లోపలికి వచ్చింది. ఘాటు వచ్చే సందులోంచి పిడుగురాళ్ల బట్టీల సున్నం రాదా అనుకున్నాను.

కారులో చప్పుడు లేదు. దాన్ని గొప్పగా చెబుతారు గాని, ఒకచోట గేదెలు రోడ్డుకు అడ్డం నిలబడితే దీన్ని చూసి ఒక్కటీ కదల్లేదు. విజయ హారన్ కొట్టేసరికి గొడ్లు కాసే ముసలాయన ఉలిక్కిపడ్డాడు. “దొంగమాదిరి వచ్చావేందమ్మా, దగ్గన్నా దగ్గొచ్చు గదా” అని కసిరాడు. ఆ మాటలో తప్పు నాకు కనబడలేదు.

పిడుగురాళ్లకు కొత్తగా వచ్చేవాళ్లకు ఒక మాట చెప్పాలి. అక్కడ సున్నపు బట్టీల వైపు చెట్ల ఆకులు కూడా తెల్లగానే ఉంటాయి. లారీ పోయిందంటే దాని వెనక తెల్లటి తెర లేస్తుంది. పట్టుమీద చెమట తగిలి, ఆ చెమట మీద సున్నం పడిందంటే జరీ నల్లబడుతుంది. విజయకు ఈ ఊరంటే భయం అందుకే.

టీకొట్టు దగ్గర ఆగాం. గ్లాసు పదిహేను రూపాయలు, మా వీధిలో పది. బల్ల మీద బట్టీలో పనిచేసే ఒకామె కూర్చుని ఉంది. తలకు చుట్టిన గుడ్డ విప్పితే నుదురు ఒక రంగు, బుగ్గలు ఒక రంగు. కారును చూసి నవ్వింది.

“ఏంది పెద్దమ్మా, బీరువాకు చక్రాలు కట్టించావా?”

“కొనలేదమ్మా, చూస్తన్నాం.”

“ఎంతంట?”

“నాలుగుంబావు.”

“వేలా?”

“లక్షలు.”

ఆమె గ్లాసు కింద పెట్టింది. “ఆ డబ్బుతో మేం ఇంటికి శ్లాబు వేసుకుంటాం.”

“నేనూ అదే అంటన్నా” అన్నాను. విజయ అటు తిరిగి టీ తాగింది.

నేను వెనక నుంచి నల్లగుడ్డ తీసి చూశాను. ఒక అంచున సన్నగా తెల్లటి చార ఉంది. విజయకు చూపించాను.

“అద్దం దించినప్పుడు పడిందేమో అత్తయ్యా.”

“ఎప్పుడు దించావు?”

బట్టీ ఆమె లేచి వచ్చి గుడ్డను చూసింది, వెనక డిక్కీ తలుపు తీయించి రబ్బరు వెంబడి వేలు పెట్టి నిదానంగా రాసుకుంటూ పోయింది. కింద మూల దగ్గర ఆగింది.

“ఇదిగో, ఇక్కడ ఎలిక కొరికింది. ఇక్కణ్ణుంచే వస్తంది.”

“అంత కచ్చితంగా ఎట్టా చెబుతున్నావమ్మా?”

“పద్దెనిమిదేళ్ల నుంచి సున్నంలోనే ఉన్నా. అది ఎక్కడ దూరేదీ నాకు తెలవదా? మిగతాదంతా గట్టిగనే ఉంది. ఈ ముక్క మారిస్తే రాదు.” తలుపు వేసి, దాని మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఉంచింది. “మాక్కూడా మూసుకునే తలుపుంటే బాగుండు” అని మళ్లీ తలకు గుడ్డ చుట్టుకుంది.

ఆమె టీ డబ్బులు నేనే ఇచ్చాను. నాకది అలవాటు లేదు.

గురజాల

గురజాల చేరేసరికి మిట్టమధ్యాహ్నం. కోర్టు ఉన్న ఊరు కాబట్టి భోజనం హోటళ్లు వాయిదాలకు వచ్చేవాళ్లతో నడుస్తాయి. భోజనం నూట ఇరవై. విజయ తింటానంది, తినమన్నాను. గోంగూర బాగుందట. నేను బయట అరుగు మీద నా పెరుగన్నం, మామిడికాయ ముక్క తిన్నాను. హోటలాయన తాగడానికి నీళ్లు ఇచ్చి డబ్బులు అడగలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

అరుగు మీద నా పక్కన ఒక పెద్దాయన చంకలో కాగితాల సంచి పెట్టుకుని కూర్చున్నాడు. పొలంగట్టు తగాదా, వకీలు రాలేదని వాయిదా పడిందట. ఒకప్పుడు పశువుల బేరాలు చేసేవాణ్ణని చెప్పాడు. చెప్పకపోయినా ఆయన కారు చుట్టూ నడిచిన తీరు చూసి నాకు అర్థమై ఉండేది. చక్రాలను కాలి గిట్టలు చూసినట్టు వంగి చూశాడు.

“పళ్లు లేని దాన్ని ఎట్టా కొంటావమ్మా?”

“అదే నా బాధ.”

“ఎద్దు వయసు పళ్లు చెబుతయ్. పెట్రోలు బండి వయసు పొగ చెబుద్ది. దీని వయసు ఎవరు చెబుతారు?”

అప్పుడే చేయి కడుక్కుని వచ్చిన విజయ, “బ్యాటరీ ఎంత బాగుందో తెర మీద చూపిస్తది తాతయ్యా” అంది.

“అంటే ఎద్దునే నీకెన్నేళ్లని అడుగుతున్నావన్నమాట.”

నేను నవ్వాను, విజయ నవ్వలేదు. ఆయన నా వైపు వంగి, ఇంకా ఎంతదూరం పోతుందో తెర చెప్పే అంకె నమ్మవద్దన్నాడు. లోపల చల్లగాలి యంత్రం పెట్టి, రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకోమన్నాడు.

“రాయి ఎవరి పక్షానా మాట్లాడదమ్మా.”

అక్కడి నుంచి నేను రాళ్లు చూసుకుంటూ కూర్చున్నాను. రెంటచింతల ఎండ గురించి కొత్తవాళ్లకు చెప్పినా నమ్మరు. ఏసీ లేకుండా ఆ రోడ్డు మీద అద్దాలు మూసుకుని కూర్చోవడం కుదరని పని. పదిహేను రాళ్లు దాటేసరికి తెర మీది అంకె ఇరవై రెండు తగ్గింది. పొద్దున ఇంటి దగ్గర నూటికి నూరు ఉన్న బ్యాటరీ నలభై ఆరుకు దిగింది.

“చూశావా, మనం నడిచిన దానికంటే అది తిన్నది ఎక్కువ” అన్నాను.

“ఎండకు మనుషులం మనమే రెండింతలు నీళ్లు తాగుతున్నాం గదత్తయ్యా” అంది విజయ. కారు పక్షాన మాట్లాడుతోందని నాకు కోపం వచ్చింది.

రెంటచింతల

రెంటచింతలలో మేం వెళ్లింది ఒక కథోలిక కుటుంబం ఇంటికి. ఎల్లుండి వాళ్ల అమ్మాయికి చర్చిలో పెళ్లి. పందిరి వేసి ఉంది. పెళ్లికూతురి నానమ్మ శౌరమ్మ నా ఈడుదే. మునుపెన్నడూ ఒకరినొకరం చూడలేదు. పది నిమిషాల్లో ఆమెకు నేను కోటమ్మొదిననైపోయాను.

మేం కారు దిగీ దిగకముందే ఆమె కొడుక్కి కేకేసింది. “ఒరేయ్ జోజీ, ముందు వాళ్ల బండికి కరెంటు పెట్టరా.”

“ముందు మాకు మంచినీళ్లియ్యి వదినా” అన్నాను.

“మా అత్త ఉన్నప్పుడు చుట్టాల ఎడ్లకు మేత వేసినాకే చుట్టాలకు కాళ్లకు నీళ్లిచ్చేది. ఎడ్లు పోయినయ్, అలవాటు పోలే.”

ఆ మాటతో ఆ ఇల్లు నాకు నచ్చింది. మా ఇంట్లోనూ అదే పద్ధతి ఉండేది.

వాళ్ల పెళ్లికూతురు తెల్లటి పట్టుచీర కట్టుకుంటుంది. మాలో తెల్లచీరైతే ఎర్రంచు ఉండాలి, పసుపు నీళ్లలో ముంచాలి. జాకెట్ కూడా తెలుపే, దాని మీద లేత బంగారు జరీ. విజయ డబ్బా తెరిచినప్పుడు నేను వంగి అంచులన్నీ చూశాను. ఒక్క చుక్క లేదు. పెళ్లికూతురు తొడుక్కుని చూసుకుంది. చంక దగ్గర కొంచెం బిగుతు, విప్పి మళ్లీ కుట్టాలి. అంతే.

ఇంతలో బయట జోజి, “అమ్మా, ఇది ఎక్కట్లేదే” అన్నాడు.

వెళ్లి చూశాం. ఏసీ పెట్టే పెద్ద ప్లగ్గులో కారు వైరు పెట్టాడు. వైరు మధ్య పెట్టెలో ఎర్రలైటు మిణుకుమంటోంది. తీసి వంటింటి ప్లగ్గులో పెట్టాడు, అక్కడా ఎర్రదే. పెళ్లింట్లో మనుషులకు కొదవేముంది, తలా ఒక మాట అన్నారు. బ్యాటరీ ఉడికిపోయిందని ఒకరు. ఇట్టాంటివి ఊళ్లోనే తిప్పుకోవాలి గాని మాచర్ల దాకా ఏందని ఒకరు. విజయ బ్యాంకాయనకు ఫోన్ చేసింది.

“బండి మంచిదేనండి, ఆ ఇంటి కరెంటులో ఏదో తేడా ఉండుంటుంది” అన్నాడు.

సంతలో బేరగాళ్లది కూడా ఇదే మాట. ఎద్దు మేత ముట్టకపోతే మీ ఊరి నీళ్లు దానికి పడలేదంటారు.

ఉన్న బ్యాటరీతో మాచర్ల చేరగలం, అక్కడి నుంచి నరసరావుపేట మాత్రం రాలేం. అంటే కారును ఇక్కడే వదిలి బస్సెక్కాలి. విజయ ఫోన్ పెట్టేసి, “ఇది వద్దులే అత్తయ్యా. పొద్దున బస్సులో పోదాం” అంది. లోపలికి వెళ్లి కిటికీ దగ్గర చాప మీద కూర్చుని జాకెట్ విప్పడం మొదలుపెట్టింది.

నిజం రాయాలి. ఆ ఎర్రలైటు చూస్తే నా కడుపు చల్లబడింది. కొత్తచోట మేత ముట్టలేదు, పరీక్ష అయిపోయింది, నా అరవై టిక్కీలు ఎక్కడివక్కడ ఉంటాయి.

శౌరమ్మ ముఖం మాత్రం మాడిపోయింది. “మా ఇంట మీ బండి మేత ముట్టలేదే వదినా, అదీ పెళ్లింట్లో” అని రెండుసార్లు అంది. నాకు చల్లటి నీళ్లిద్దామని ఫ్రిజ్ దగ్గరకు వెళ్లి, కొంగు మడిచి చేతికి చుట్టుకుని తలుపు తీసింది.

“అదేంది వదినా, గుడ్డ చుట్టావు?”

“పట్టుకుంటే జిల్లుమంటది. ఎండాకాలం వస్తే ఇంతే.”

నీళ్లు తాగుతూ ఉండగానే నాకు సంగతి అర్థమైంది. మా పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని ఎర్తు తీగ దిగిన గుంట ఎండిపోతే మోటార్లు మొరాయిస్తాయి, ఇనుము ముట్టుకుంటే జిల్లుమంటుంది. అందుకని ఎండాకాలం రైతులం వంతులేసుకుని ఆ గుంటలో బిందెలతో నీళ్లు పోస్తాం. నా వంతు నేను ముప్ఫై ఏళ్లు పోశాను. ఈ ఇంట్లో కూడా ఎండిపోయింది ఎర్తు గుంటే. ఫ్రిజ్ ఓర్చుకుంటోంది, కారు ఓర్చుకోవడం లేదు. ఎర్తు లేనిచోట మేత ముట్టకపోవడం దాని తప్పు కాదు, తెలివి.

తెలిసీ నేను నోరు విప్పలేదు. టీ ఇచ్చారు, తాగాను. ఇంకో గ్లాసు ఉంటే పొయ్యి వదినా అన్నాను. అదీ తాగాను. శౌరమ్మ పెళ్లి సామాన్ల గురించి ఏదో చెబుతోంది. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. అలా దాదాపు గంట.

ఆ గంటలో నేను చూసినవి రెండు. ఒకటి విజయ. ఎడమ మోచేయి చాపలేదు కాబట్టి దాన్ని పక్కటెముకలకు ఆనించి, బట్టనే ముఖం దగ్గరకు తెచ్చుకుని కుడుతోంది. విసుగు లేదు, ఏడుపు లేదు. ఫాల్సు కుడతానన్న రోజున ఉన్న ముఖమే. రెండోది జోజి. పెళ్లిపనులు వదిలేసి, పక్కింటి నుంచి వైరు లాగడానికి నిచ్చెన భుజాన వేసుకుని ఎండలో పోతున్నాడు. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి, “ఎట్టాగైనా మేత పెట్టే పంపాలిరా” అంటోంది. నా మిరపకాయల కోసం ఆ ఇంటికి మాట రావడం నాకు బాగుండలేదు.

గ్లాసు పక్కన పెట్టాను. “జోజీ, నిచ్చెన దించు నాయనా. మీ ఎర్తు గుంట ఎక్కడుంది?”

పందిరి గుంజ పక్కనే ఉంది. మీద రాయి కప్పి, దాని మీద కుర్చీలు పేర్చారు. తీయిస్తే లోపల మన్ను పెళుసుగా పగిలి ఉంది. మెయిన్ స్విచ్ ఆపించాను. దోసెడు కల్లుప్పు వేయించి నాలుగు బిందెలు పోయించాను. మొదటి రెండు బిందెలూ పోసినవి పోసినట్టే ఇంకిపోయాయి. కాసేపు ఆగి మెయిన్ వేసి వైరు పెట్టారు.

పచ్చలైటు వచ్చింది.

శౌరమ్మ ముందు ఫ్రిజ్ దగ్గరకు పోయి ఉత్తచేత్తో పట్టుకుని చూసింది. “జిల్లు లేదొదినా” అని అక్కడి నుంచే చెప్పింది. విజయ కిటికీలోంచి కారును చూసింది, తర్వాత నన్ను చూసింది. మళ్లీ సూదిలోకి దారం ఎక్కించుకుంది.

మాచర్ల

పొద్దున్నే బయలుదేరాం. బ్యాటరీ నూటికి నూరు. తొమ్మిది యూనిట్ల దాకా కాలి ఉంటుందని జోజి అన్నాడు. కరెంటుకని నూరు రూపాయలు ఇవ్వబోతే శౌరమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. “మేతకు డబ్బు తీసుకున్న ఇల్లు ఎక్కడన్నా చూశావా?” అంది. ఆ నూరూ పెళ్లికూతురి చేతిలో పెట్టాను.

మాచర్లలో రెండు ఇళ్లకు జాకెట్లు ఇచ్చాం. అక్కడ ఒక కొత్త ఖర్చు కనబడింది, ఇది షోరూములో ఎవరూ చెప్పరు. మొదటి ఇంటావిడ గుమ్మంలోంచి కారును చూసి, “కారు కొనేంత మిగులుతుందన్నమాట. అయితే ఐదొందలు తగ్గించు” అంది. బస్సులో చెమటలు కక్కుతూ వచ్చినప్పుడు ఇదే మనిషి అడిగినంతా ఇచ్చేదట. కారు మాది కాదని నేను చెప్పాను. నమ్మలేదు. రెండో ఇంటికి వచ్చేసరికి విజయ కారును సందు మలుపులోనే ఆపి నడిచి వెళ్లింది. అక్కడ పూర్తిగా ఇచ్చారు.

తిరుగుదారి

గురజాల దాటాక చెప్పాను.

“విజయా, నిన్న ఆ ఎర్తు సంగతి నాకు ఫ్రిజ్ దగ్గరే తెలిసింది. గంటసేపు చెప్పలేదు.”

తను రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. “తెలుసత్తయ్యా.”

“ఏం తెలుసు?”

“పరాయింట్లో మీరు రెండో టీ ఎన్నడడిగారు? ఏదో పట్టుకుని కూర్చున్నారు, బయటికి రానీయట్లేదు అనుకున్నా.”

“మరి అడగలేదేందే?”

“మిరపకాయలు మీవి. మీ అంతట మీరు చెప్పకపోతే, ఇక ఈ కారు మాట ఎత్తకూడదనుకున్నా.”

పిడుగురాళ్ల వచ్చింది. టీకొట్టు దగ్గర ఆగమన్నాను. నిన్నటి ఆమె కనబడలేదు, ఇంకా పనిలో ఉండి ఉంటుంది. కొట్టాయన దగ్గర పాత సైకిల్ ట్యూబు ముక్క అడిగి తీసుకున్నాను. ఎలుక కొరికిన మూలలో మడిచి కుక్కి, నల్లగుడ్డను చార లేని వైపు తడిపి పరిచాను. నరసరావుపేటలో తీసి చూస్తే ఆ వైపు నల్లగానే ఉంది.

మళ్లీ నరసరావుపేట

బ్యాంకాయన ముందు నల్లగుడ్డ పాత చార కనబడేలా పరిచాను, రాళ్ల లెక్క చెప్పాను, ఎలుక సంగతి చెప్పాను. తెర చెప్పే దూరంలో మూడోవంతు అబద్ధమన్నాను. మూడు లక్షల ఎనభై వేలకు వచ్చాడు. “ఎద్దుల్ని కొన్నట్టు కొంటున్నారు పెద్దమ్మగారూ” అన్నాడు. వేరే ఎలా కొంటారో నాకు తెలియదన్నాను. కోల్డ్ స్టోరేజీకి ఫోన్ చేసి టిక్కీలు తీయించమన్నాను. ఆ వారం ధర మంచిది కాదు. ఇంకో నెల ఆగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంతకీ ఆ ధరకు తగిన బండేనా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది. కొత్తదాని ధరకు తగదు. కాళ్లకు అద్దె అడిగే బేరానికి అసలు తగదు. పాతదైతే, రోజూ తిరిగే పని ఉంటే, ఆ పని పాడుకాకూడనిదైతే చూడవచ్చు. చూడబోయే ముందు మీ ఇంటి ఎర్తు గుంట చూసుకోండి. చుట్టాలింటికి పోయేటప్పుడు వాళ్ల ఫ్రిజ్ ముట్టుకుని చూడండి. సరదాకైతే ఉచిత బస్సు ఉంది.

మా ఇంటి పక్కన కొత్తగా ఎర్తు గుంట తీయించాను. విజయ ఇప్పుడు వారానికి రెండుసార్లు మాచర్ల వైపు పోతోంది, సందు మలుపులో కారు ఆపుకుంటోంది. ఆ బండి మీద నాకు నమ్మకం ఇంకా కుదరలేదు. బ్యాటరీ ఎప్పుడు చస్తుందో, దానికెంత అడుగుతారో ఎవరూ సూటిగా చెప్పడం లేదు. పొద్దున్నే లేచి ఆ గుంటలో రెండు బిందెలు పోయడం మాత్రం నేను ఎవరికీ వదలలేదు. విజయ పోస్తానంటుంది. బిందె ఎత్తాలంటే రెండు మోచేతులూ చాపాలి. నువ్వు పోయి మగ్గం చూసుకో అంటాను.